ట్రాక్టరు టైరులో గాలి మెల్లగా తగ్గుట

రాత్రి నిండుగా నున్న టైరు తెల్లవారుసరికి మెత్తబడినచో, మరల గాలి కొట్టి పొలమునకు తోలుట పలువురకు వాడుక. ఇది నష్టకరము. గాలి తగ్గిన టైరు బరువు లాగునపుడు రిమ్ముపై జారును. ట్యూబు దానితో ఈడ్వబడి వాల్వు మొదట తెగును. అతుకుతో పోవు పనికి క్రొత్త ట్యూబు కొనవలసివచ్చును.

ముందుగా వాల్వుపై సబ్బునీరు పోసి చూడుడు. బుడగలు లేచినచో లోపలి పిన్నును బిగింపవలెను. అప్పటికిని ఆగనిచో మార్పవలెను. బుడగలు లేవనిచో ట్యూబును విప్పించి, గాలి నింపి, నీటితొట్టిలో ముంచి రంధ్రమును గుర్తింపుడు. ఆ చోటు ఆరిన పిమ్మట గరుకుకాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, అది కొంత ఆరి జిగటపడిన తరువాత అతుకు వేయవలెను. టైరు లోపల గుడ్డతో తడిమి తుమ్మముల్లును తీయనిచో అది మరల గ్రుచ్చును. రిమ్ము త్రుప్పునుగూడ గీకివేయవలెను.

నివారణకు మేము చెప్పునది రెండు మాటలు. వాల్వునకు మూత లేక బండి కదపకుడు. వారమున కొకసారి ఉదయము, టైరు చల్లగా నున్నపుడే, గాలి కొలిపింపుడు.