పొట్టితోక ఉవాకరి

కోతి యనగానే పొడవైన తోకయే మనకు స్ఫురించును. దక్షిణ అమెరికా యడవులలో తోకకు మఱింత ప్రాముఖ్యము గలదు. అచ్చటి కొన్ని కోతులు తోకను కొమ్మకు చుట్టి, చేతులు విడిచి వ్రేలాడగలవు. అట్టిచోటనే పొట్టితోకతో బ్రతుకుచున్న జాతి యొకటి కలదు. దాని పేరు ఉవాకరి. దేహము మూరెడుండగా తోక జానెడైనను ఉండదు.

దీని తల బోడి, ముఖము మిక్కిలి యెఱ్ఱన. ముఖచర్మమునందు నల్లని వర్ణద్రవ్యము లేదు. దానిక్రింద సన్నని రక్తనాళములు దట్టముగా నున్నవి. మలేరియా తగిలిన కోతి ముఖము పాలిపోవును. కనుక ఈ యెఱుపు ఆరోగ్యమునకు గుర్తని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. బ్రెజిలు జనులు దీనిని ‘ఇంగ్లీషు కోతి’ యందురు. ఎండకు కందిన దొరగారి ముఖము వారికి జ్ఞప్తికి వచ్చెను గాబోలు!

ఉవాకరి బ్రతుకంతయు నీటితో ముడిపడియున్నది. అమెజాన్ ఎగువభాగమున ఏటేట వరద పది మీటర్లకు పైగా లేచును. నెలల తరబడి వృక్షములు నీటిలోనే నిలిచియుండును. కొమ్మల నడుమ చేపలు తిరుగాడును. ఆ కాలమున ఈ కోతులు నేల త్రొక్కక చెట్టునుండి చెట్టునకు దుముకుచు తిరుగును. వరద తీసినపిమ్మట క్రిందికి దిగి, రాలిన గింజలను, మొలకలను ఏరుకొని తినును. ఇతర జంతువులు పండు పండువఱకు వేచియుండగా, ఇది గట్టి కోరపండ్లతో పచ్చికాయను పగులగొట్టి లోపలి గింజను తినివేయును. తోక లోటును పండ్లు తీర్చినవని మేము తలంతుము.

1848 మొదలు 1859 వఱకు ఆ నదీప్రాంతమున నివసించిన హెన్రీ వాల్టర్ బేట్స్ ఒక వింత వ్రాసెను. వేటగాండ్రు ఊదుగొట్టముతో పలుచని విషపుటంబు వేసి, పడిన కోతి నోట చిటికెడు ఉప్పుంచి బ్రతికించుకొనెడివారట. అడవినుండి వేరైన ఆ ప్రాణి పంజరమున తరచుగా కొద్దికాలమునకే చనిపోయెడిది.

వేటకంటెను గొప్ప యపాయము గొడ్డలి. వరదలో దుంగలను తేల్చి తెచ్చుట సులభము గనుక కలపవర్తకుల కన్ను ఈ యడవిపై బడెను. తెల్లని ఉవాకరిని పరిశోధించిన బ్రెజిలు శాస్త్రజ్ఞుడు హోసె మార్సియో ఐరెస్ (2003లో మరణించెను) ఈ యడవిని కాపాడ పూనుకొనెను. 1990లో మమిరావా యను రక్షితప్రాంతము ఏర్పడెను. 1996లో దాని నియమములు మార్చి, అచ్చటి పల్లెజనులను వెడలగొట్టకయే రక్షణ సాగింప నిశ్చయించిరి. ఏ చెరువున చేపలు పట్టవచ్చునో, దేనిని విడువవలెనో నిర్ణయించు సభలలో ఆ పల్లెవారును కూర్చుండుచున్నారు.