పేరు దాచుకుని రాయొచ్చా, మాస్టారూ?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్లాగుల గురించే. ఊరంతా రీల్స్‌లో కొట్టుకుపోతున్న కాలంలో నాలుగు పేరాలు సొంతంగా రాసి పదిమందికి చూపించాలనుకునే పిల్లలు ఇంతమంది ఉండటం నాకు సంతోషం. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, బడుల పేర్లు తీసేశాను. కొందరు తీసెయ్యమన్నారు, కొందరు ఏమీ అనలేదు. పిల్లల ఉత్తరాలైతే నేను అడక్కుండానే తీసేస్తాను.

ప్రశ్న: మాస్టారూ, నేను తొమ్మిదో తరగతి. తెలుగులో బ్లాగు మొదలుపెట్టాలని ఉంది. మా కాలవ, నాయనమ్మ కబుర్లు, సైకిల్ మీద తిరగడం... ఇలాంటివి రాస్తాను. అమ్మేమో "ఆడపిల్లవి, నలుగురూ చూసేచోట పేరు పెట్టుకుని రాతలేంటి" అంటోంది. పేరు దాచుకుని రాయొచ్చా? అది మోసం కాదా? మొదటి పోస్టు జత చేశాను, చదివి చెప్పండి.
- విద్యార్థిని, తెనాలి

జవాబు: మోసం ఎందుకవుతుందమ్మా? మీ ఊరి సంగతే చూడు. తమిళనాడు నుంచి వచ్చి, తెనాలి హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్న ఎస్. నటరాజన్ 'శారద' అనే పేరుతో కథలూ నవలలూ రాశాడు. తెలుగు పాఠకులకు ఆయన ఇప్పటికీ శారదే. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్లకి తప్ప ఎవరికి పట్టింది? నీకన్నా చిన్నపిల్ల సంగతి కూడా ఒకటుంది. 2009 జనవరిలో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో తాలిబన్లు ఆడపిల్లల బళ్లు మూసెయ్యాలని హుకుం జారీ చేసినప్పుడు, పదకొండేళ్ల మలాలా యూసఫ్‌జాయ్ బీబీసీ ఉర్దూ విభాగానికి డైరీ రాసింది. పేరు మాత్రం 'గుల్ మకాయ్' అని వేశారు. పేరు మారినంత మాత్రాన ఆ రాతలో నిజం తరగలేదు. మోసం ఎప్పుడంటే, ఇంకొకరి పేరూ ఫొటో పెట్టుకుని వాళ్లే రాస్తున్నట్టు నమ్మించినప్పుడు. దానికి ఐటీ చట్టంలో శిక్ష కూడా ఉంది.

అయితే మారుపేరు ఒక్కటే చాలదు. 'తూనీగ' అని ముచ్చటైన పేరు పెట్టుకున్నావు. కానీ నీ పోస్టు మూడో పేరా చూడు (ఆనవాళ్లు మార్చి ఇస్తున్నాను): "ట్యూషన్ ఏడున్నరకి అయిపోతుంది. మావైపు వచ్చేవాళ్లెవరూ లేరు కాబట్టి నేనొక్కదాన్నే కాలవ గట్టు మీదుగా వస్తాను. రామాలయం దాటాక పచ్చ గేటు ఇల్లు మాది. మంగళవారం అమ్మానాన్నలు సంతకి వెళ్తారు, నాయనమ్మా నేనే ఉంటాం."

దీనికంటే పేరు చెప్పుకోవడమే నయం! పేరు చెబితే పేరే తెలుస్తుంది. ఇందులో నువ్వు ఏ వేళకి ఎక్కడుంటావో, తోడు ఎవరుండరో, ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడుండరో అన్నీ తెలిసిపోతున్నాయి. అదే పేరాని నేను ఇలా సవరించాను: "చీకటి పడ్డాక కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతుంటే నీళ్ల చప్పుడు పక్కనే పరిగెత్తుకొస్తుంది. గొలుసు ఊడిందంటే మాత్రం అదే చప్పుడు భయపెడుతుంది. ఇంటికి చేరేసరికి నాయనమ్మ గడపలో కూర్చుని ఉంటుంది." ఇందులో నా సొంత కవిత్వం ఏమీ లేదు. గొలుసూ, నీళ్ల చప్పుడూ, గడపలో నాయనమ్మా నువ్వు వేరేచోట రాసినవే; తెచ్చి ఇక్కడ పెట్టాను. పోయినవల్లా టైము, గుడి, గేటు రంగు, మంగళవారం. అవి పోయాక పేరా ఇంకాస్త బాగుంది కూడా.

ఇంకో సంగతి. ఒక్కో పోస్టులో కొంచెమే చెప్పినా, అన్నీ వరసగా చదివేవాడికి చాలా దొరుకుతుంది. యూనిఫాం రంగు ఒకచోట, బస్సు నంబరు ఇంకోచోట, పుట్టినరోజు కేకు మరోచోట. అందుకని అప్పుడప్పుడు నీ పాత పోస్టులన్నీ ముక్కూమొహం తెలియనివాడు చదివినట్టు చదువు. ఊరెళ్లిన కబుర్లు తిరిగొచ్చాక రాయి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫైల్లోనే నమోదవుతుంది. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి ఆపెయ్. మెడలో బడి ఐడీ కార్డుతో దిగిన ఫొటోలు అసలే వద్దు.

అమ్మ భయం అర్థంలేనిది కాదు. గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో, మనం పిలిచినవాళ్లే చదివేలా పెట్టుకునే వీలుంది. కొన్నాళ్లు అలా నడుపు. మొదటి పాఠకురాలు అమ్మే అవనీ. పాస్‌వర్డ్ అమ్మకి తెలిస్తే తప్పులేదు. ప్రాణస్నేహితురాలికి మాత్రం చెప్పకు. పదో తరగతికల్లా ప్రాణస్నేహితులు మారిపోతుంటారు.

ప్రశ్న: సార్, మాది కరీంనగర్ దగ్గర ఊరు. ఎనిమిదో తరగతి. బడిల పెట్టే మధ్యాహ్నం అన్నం రోజూ ఫొటో తీసి, మార్కులేసి బ్లాగుల పెడ్దామనుకుంటున్న. ఒక్కోరోజు పప్పు నీళ్లలెక్క ఉంటది. గుడ్డు మాత్రం మంచిగుంటది. దోస్తులు 'రాయిరా' అంటున్నరు. బాపు 'సార్లకు కోపమొస్తది' అంటుండు. రాయాల్నా, వద్దా?
- విద్యార్థి

జవాబు: రాయి బాబూ. కాకపోతే నీకంటే ముందు ఈ పని చేసిన ఒక పిల్ల కథ విని రాయి.

స్కాట్లాండ్‌లో మార్తా పేన్ అనే తొమ్మిదేళ్ల అమ్మాయి 2012 ఏప్రిల్‌లో 'నెవర్ సెకండ్స్' అని బ్లాగు మొదలుపెట్టింది. బడిలో పెట్టిన భోజనం పళ్లెం రోజూ ఫొటో తీసేది. రుచికి పదికి ఇన్ని మార్కులు, ఎన్ని ముద్దలు వచ్చాయి, ఆరోగ్యానికి ఎన్ని మార్కులు, తిండిలో వెంట్రుకలు ఎన్ని! చివరి లెక్క నాకు భలే నచ్చింది. తిట్టు లేదు, లెక్క ఉంది. పేరు దగ్గర 'వెజ్' అని మాత్రమే పెట్టుకుంది. దేశదేశాల పిల్లలు తమ బడి భోజనాల ఫొటోలు ఆ అమ్మాయికి పంపడం మొదలుపెట్టారు.

జూన్‌లో ఒక పత్రిక, వంటవాళ్లని ఉద్యోగాల్లోంచి పీకెయ్యాలన్న అర్థం వచ్చేలా శీర్షిక పెట్టింది. మార్తా ఆ మాట ఎక్కడా అనలేదు. కానీ వంటవాళ్లు తమ ఉద్యోగాలు పోతాయని హడలిపోయారని స్థానిక కౌన్సిల్ ఫొటోలు తియ్యడాన్ని నిషేధించింది. లెక్కల క్లాసులోంచి పిలిపించి ప్రధానోపాధ్యాయురాలు ఆ సంగతి చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. జూన్ 15న కౌన్సిల్ దిగివచ్చి నిషేధం ఎత్తేసింది. మేరీస్ మీల్స్ అనే సంస్థకి ఆ బ్లాగు ద్వారా లక్ష పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఆ డబ్బుతో ఆఫ్రికాలోని మలావీలో పిల్లలకి వంటశాల కట్టారు.

ఇందులో నీకు పనికొచ్చేది ఏమిటంటే, మార్కులు పప్పుకి వెయ్యి, పప్పు వండిన అక్కకి కాదు. పప్పు పల్చగా ఉందంటే ఆమె చెయ్యి బాగాలేదని కాదు; ఎంతమందికి ఎంత పప్పు ఇచ్చారు, సరుకుల బిల్లు ఎప్పుడొచ్చింది, గ్యాసా కట్టెలా అన్నవి ఉంటాయి. వీలైతే ఒకరోజు ఆమె దగ్గర కూర్చుని 'ఎన్ని గంటలకు వస్తవు అక్కా, ఎంతమందికి వండుతవు' అని అడిగి అదే రాయి. నీ బ్లాగులో అందరూ గుర్తుపెట్టుకునే పోస్టు అదే అవుతుంది. ఆమె పేరూ ఫొటో మాత్రం ఆమె సరేనంటేనే.

మొదలుపెట్టే ముందు హెడ్మాస్టరు గారికి చెప్పు. బాపుని వెంట తీసుకెళ్లు. ఫొటోలో పళ్లెం ఉండాలి, పక్కన కూర్చున్న పిల్లల మొహాలు ఉండకూడదు. తింటున్న మనిషిని చెప్పకుండా ఫొటో తియ్యడం మర్యాద కాదు. పైగా బడి అన్నం తింటున్నట్టు కనిపించడం ఇష్టంలేని పిల్లలూ ఉంటారు. అన్నంలో పురుగు కనిపించిన రోజు మాత్రం బ్లాగు కోసం ఆగకు. అప్పటికప్పుడు సార్‌కి చూపించు, ఇంట్లో చెప్పు. రాత సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

ప్రశ్న: లెక్కల మాస్టారికి మేం పెట్టుకున్న పేరుతో ఒక హాస్య పోస్టు రాశాను. ఆయన నత్తి గురించి కూడా రాశాను. రెండ్రోజులకి తీసేశాను. ఈలోగా ఎవరో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టారు. మాస్టారు చూశారట, ఏమీ అనలేదు. నాకు టీసీ ఇచ్చేస్తారా?
- పదో తరగతి, విజయనగరం

జవాబు: మాస్టారి మనసు సంగతి కన్నా టీసీ సంగతే ముందు గుర్తొచ్చింది నీకు. నత్తి ఆయన చేతిలో లేదు. మీ ఊరి గురజాడ గిరీశాన్ని చూసి నవ్వించింది అతని డాంబికానికి. మనిషి మార్చుకోలేని దాన్ని పట్టుకుని నవ్వితే అది హాస్యం కాదు, వెక్కిరింత.

రేపే వెళ్లు. స్నేహితుల్ని వెంటేసుకోకు. 'సరదాకి రాశాను సార్' అనకు. 'తప్పు రాశాను, క్షమించండి' అను, చాలు. తర్వాత గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టినవాణ్ణి తీసెయ్యమని అడుగు. బ్లాగులో ఆ పాత పేరు మళ్లీ ఎత్తకుండా, ఒక ఉపాధ్యాయుణ్ణి నొప్పించాననీ క్షమాపణ చెప్పాననీ రెండు వాక్యాలు రాయి.

2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో 66ఎ సెక్షన్ కొట్టేసింది కాబట్టి ఆన్‌లైన్‌లో ఏమన్నా చెల్లుతుందని మీ అన్నయ్యెవరో చెప్పాడన్నావు. పరువునష్టం నేరం అలాగే ఉంది. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ చూసుకోమను.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. బొమ్మలు వేసి, వాటికింద చిన్న కథలు రాసి బ్లాగులో పెడుతుంది. ఎవరో 'అక్క'నంటూ రోజూ మెచ్చుకుంటూ కామెంట్లు పెడుతోంది. ఇప్పుడు వాట్సాప్ నంబరు, ఫొటో అడుగుతోందట. పాపే వచ్చి చెప్పింది. ఫోను లాక్కుని బ్లాగు మూయించేశాను. మంచి పనే చేశానా?
- ఒక తల్లి, అనంతపురం

జవాబు: మీ పాప తనంతట తాను వచ్చి చెప్పింది. ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సంగతి అది. చెప్పినందుకు ఫోను పోయింది, బ్లాగు పోయింది. రేపు ఇంకెవరైనా ఇంకేదైనా అడిగితే ఆ పిల్ల మీ దగ్గరికి వస్తుందా? ఇవాళే ఫోను చేతికిచ్చి, 'చెప్పి మంచి పని చేశావు' అనండి. అమ్మ మనసు నాకు తెలియక కాదు, కానీ శిక్ష పడాల్సింది పాపకి కాదు.

ఆ కామెంట్లను తీసెయ్యకముందు స్క్రీన్‌షాట్లు తీసి, తేదీ కనబడేలా దాచండి. జవాబు ఇవ్వకుండా బ్లాక్ చెయ్యండి. బ్లాగు సెట్టింగుల్లో, మీరు చూసి సరేనన్నాకే కామెంటు బయటికి కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆ పని మీ చేతిలో ఉంచుకోండి. ఫొటో ఇప్పటికే వెళ్లి ఉంటే, లేదా బెదిరింపు మొదలైతే, వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెయ్యండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లలకి సంబంధించిన ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. డబ్బు పోయిన సందర్భమైతే 1930. పిల్లల అసభ్య చిత్రాలు అడగడం, దాచుకోవడం, పంచడం పోక్సో కింద, ఐటీ చట్టం 67బి కింద పెద్ద నేరాలు. పరువు పోతుందని ఊరుకోకండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు పండిట్‌ని. తరగతి పేరున ఒక బ్లాగు పెట్టి పిల్లల రాతలు ప్రచురించాలనుకుంటున్నాను. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? పిల్లలు కవితలు, బొమ్మలు ఎక్కడెక్కడి నుంచో తెస్తున్నారు.
- నిజామాబాద్ జిల్లా

జవాబు: ముందు ఇళ్లకి చీటీ పంపండి, తెలుగులో, తల్లికీ తండ్రికీ అర్థమయ్యేలా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, 'మావాడి రాత వేశారు' అని ఇంట్లో తెలియడమే మంచిది. ఇంటిపేరు, రోల్ నంబరు వద్దు. కులమో ధ్రువపత్రమో కనిపించే ఏ కాగితమూ ఫొటో తియ్యొద్దు.

కాపీ సంగతి: మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లదాకా కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన గేయాన్ని మొత్తం పెట్టుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన కవిత మొత్తం ఎత్తి పెట్టకుండా, అది చదివి మీ పిల్లలకి ఏమనిపించిందో రాయించండి. అసలు చదవాల్సిందీ అదే. బొమ్మలకి వికీమీడియా కామన్స్ ఉంది, తీసినవాళ్ల పేరు కింద రాయాలి. అంతకన్నా మీ పిల్లల చేత గీయించండి. ఏఐ చేత రాయించిన వ్యాసం వస్తే తిట్టకండి. 'ఇందులో మీ ఊరు ఎక్కడుంది?' అని అడగండి, తెల్లమొహం వేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. రాజమండ్రిలో ఉన్న వాళ్ల అమ్మమ్మ వీడియోలు, ఆమె కథలు బ్లాగులో పెడతానంటోంది. అత్తయ్యగారు 'నీ ఇష్టం తల్లీ' అన్నారు. పెట్టనివ్వనా?
- న్యూజెర్సీ

జవాబు: మనవరాలు అడిగితే అమ్మమ్మ ఏదైనా 'నీ ఇష్టం' అంటుంది. ఆ వీడియో ఎవరెవరు చూస్తారో ఆమెకి తెలుసా? ఫోనులో ఒకసారి చూపించి, 'పక్కింటి వాళ్లు, పెళ్లిలో కలిసే చుట్టాలు కూడా చూస్తారు అమ్మమ్మా' అని చెప్పించి అప్పుడు అడగమనండి. షుగరు మందులు, పొలం తగాదాలు కథలో రాకూడదు. వద్దంటే వీడియో మానేసి కథ మాత్రం రాయమనండి, ఊరు చెప్పకుండా.

ఇక వయసు. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెబ్‌సైట్లు సేకరించకూడదన్న చట్టం 2000 నుంచి అమల్లో ఉంది. అందుకే చాలా సైట్లు 13 నిండనిదే ఖాతా ఇవ్వవు. పుట్టిన సంవత్సరం మార్చి తెరవనివ్వకండి. ఖాతా మీ పేరున తెరిచి, రాత ఆమె రాస్తే, పోస్టు మీరు చెయ్యండి.