మీటరుకు 21 సెకన్లు

కాజీపేట యార్డులో షంటర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నా యార్డు మేడమీద గదిలో ఎనిమిదడుగుల బల్ల. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు ఇంజనులో 87వ వంతు. (మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటాలి. దొరికే పట్టాలు మాత్రం 16.5వే. ఆ తేడా చూసీ చూడనట్టు ఊరుకుంటాను.) బొమ్మ ఇంజన్లను డిజిటల్ ఆదేశాలతో నడిపే డీసీసీ పద్ధతి పెట్టుకున్న కొత్తలో నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదని ఇవి రాస్తున్నాను.

1. ముందు గుడ్డ, తరువాతే అంకెలు. ఇంజను ఆగి ఆగి నడుస్తుంటే అందరూ ఇంజనులో ఆ ఆదేశాలు అందుకునే డీకోడర్ మీద పడతారు. పాత బనీను ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పట్టాల మీద అడ్డంగా పరవండి. ఒక బోగీ చక్రాలు గుడ్డ మీద, రెండోది పట్టాల మీద ఉండేలా ఇంజనును పట్టుకుని నడపండి. గుడ్డ మీద కాటుక గీతల్లా రెండు చారలు పడతాయి. నేను చూసిన రోగాల్లో సగం అక్కడే కుదిరాయి.

2. కంటిని నమ్మకండి, గడియారాన్ని నమ్మండి. మా షంటింగ్ వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదు. 87తో భాగిస్తే సెకనుకు 4.8 సెంటీమీటర్లు. అంటే మీటరు పట్టా దాటడానికి 21 సెకన్లు. మొదటిసారి లెక్కపెట్టినప్పుడు నా ఇంజను 6 సెకన్లలో దాటేసింది. నిజం యార్డులో అలా చేస్తే చార్జిషీటు చేతికొచ్చేది.

3. పాత విలువలు నోటుబుక్కులో రాసుకోండి. డీకోడర్‌లో ఒక్కో సెట్టింగు అంకెను దాచుకునే గడిని సీవీ అంటారు. చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 కొడితే ఫ్యాక్టరీ సెట్టింగులు తిరిగొస్తాయి. ఒకసారి అలా కొట్టాను. తరువాత దాని అడ్రసైన 21వ నంబరుతో ఎంత పిలిచినా ఇంజను ఉలకలేదు, పలకలేదు. "తాతా, ఇది ఖరాబైంది" అని మనవడు తేల్చేశాడు. రెండు రోజులు మూలన పడేశాక వెలిగింది: రీసెట్‌తో దాని అడ్రసు కూడా 3కి పోయింది!

4. అసలు పని సీవీ 2ది. మోటారు కదలడానికి మొదట అందే వోల్టేజీ అది. ఇంజనును పది నిమిషాలు అటూ ఇటూ తిప్పండి, గ్రీజు మెత్తబడాలి. కంట్రోలర్‌ను 128 స్టెప్పుల్లో పెట్టి ఒకటో స్టెప్పు ఇవ్వండి. మెయిన్ లైన్ మీదే ప్రోగ్రాం చేస్తూ సీవీ 2ను ఒక్కో అంకె పెంచండి. చక్రం మీద కన్నుంచండి. అది పాకడం మొదలుపెట్టిన చోట ఆపండి. వెనక్కి కూడా చూడండి. ఇంకో రెండంకెలు పెంచుదామనే ఆశ పుడుతుంది; పెంచితే ఇంజను ఉలిక్కిపడి లేస్తుంది. డబ్ల్యూడీఎం-2కి ఉన్నవే 8 నాచ్‌లు. వాటితోనే మెత్తగా కదిలించేవాళ్లం, మీకు 128 ఉన్నాయి.

5. ఇదంతా చేస్తున్నంతసేపూ సీవీ 3, 4 సున్నాలో ఉండాలి. ఇవి వేగం అందుకోవడాన్నీ తగ్గడాన్నీ సాగదీస్తాయి. వీటిని ఎక్కువ పెట్టి కుదుపును దాచేవాళ్లున్నారు, నాకది గిట్టదు. పైగా 40 కొడితే ఒక కంపెనీ డీకోడర్‌లో పూర్తి వేగానికి 36 సెకన్లు, ఇంకో దాంట్లో 10 సెకన్లే. ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవాల్సిందే.

6. బ్యాక్ ఈఎమ్ఎఫ్. డీకోడర్ క్షణంలో చిన్న వంతు కరెంటు ఆపి, తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజీని కొలుస్తుంది. వేగం తగ్గితే కొంచెం ఎక్కువ ఇస్తుంది. ఈ దిద్దుబాటు మరీ గట్టిగా ఉంటే ఇంజను వణుకుతుంది, మరీ మెతకైతే వంపులో నీరసిస్తుంది. ఈఎస్‌యూ లోక్‌పైలట్, లోక్‌సౌండ్ డీకోడర్లలో (కొత్త తరానివైతే) సీవీ 54లో 0 రాసి ఎఫ్1 బటన్ నొక్కితే అదే కొలుచుకుని సర్దుకుంటుంది. కానీ అందుకోసం ఒక్కసారి పూర్తి వేగంతో దూకుతుంది. బల్ల చివర మనవడి అరచేతులు అడ్డం పెట్టించాకే నొక్కుతాను.

7. పాయింట్ల మీద ఆగిపోతుంటే, కరెంటు తెగిన క్షణం ఆదుకునే కెపాసిటర్ పెట్టించుకోండి. దానివల్ల ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద సీవీలు చదవడం ఒక్కోసారి తప్పుతుంది, కంగారు పడొద్దు.

8. నా దగ్గర ఒక ఇంజనుకు మీటరు దాటడానికి ముందుకు 21 సెకన్లు, వెనక్కి 17. సీవీ 66, 95లతో రెండు దిక్కుల వేగాన్నీ సరిచేయొచ్చని మనవడి వాదన. నాకు గేరు మీద అనుమానం. ఆదివారం విప్పి చూస్తాం.