చెప్పేది ఒకటి, నడిపించేది మరొకటి

ఎందుకింత కష్టపడుతున్నావని అడిగితే మనిషి చెప్పే కారణం స్వీయ నివేదిత ప్రేరణ. తనకే తెలియకుండా నడిపించేది అచేతన ప్రేరణ. రెండూ ఒకటే అనుకుంటే పరీక్షలో మార్కు పోయినట్టే. మొదటిది ప్రశ్నావళికి దొరుకుతుంది. రెండోదానికి హెన్రీ ముర్రే, క్రిస్టియానా మోర్గాన్ 1935లో పరిచయం చేసిన ఇతివృత్త గ్రహణ పరీక్ష (టీఏటీ) వాడతారు. బొమ్మ చూపి కథ అల్లమంటారు. వయొలిన్ ముందు కూర్చున్న పిల్లాణ్ని చూసి ఒకరు రేపటి కచేరీ గురించి చెబుతారు, మరొకరు అమ్మ తిట్టిందంటారు.

ఈ రెండు కొలతలకూ పెద్దగా పొంతన ఉండదని మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం 1989లో వివరించింది. ఏళ్ల తరబడి సాగే సహజ ప్రవర్తనను అచేతన ప్రేరణ, అప్పటికప్పుడు చేసే ఎంపికలను స్వీయ నివేదిత ప్రేరణ మెరుగ్గా సూచిస్తాయి. 1960లలో సాధనా ప్రేరణపై (ఏదైనా బాగా సాధించాలన్న తపనపై) కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించిందీ ఈ మెక్‌క్లెలాండే. మన పరీక్షల్లో ఈ బిట్‌ను వదలొద్దు.