డబ్బాతో వైఫై, పంజాగుట్ట దాకా

మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ సెన్సర్లు పంజాగుట్టలో మావాడి మేడ మీద ఉన్నాయి. డేటా కావాల్సిందేమో అమీర్‌పేటలో, నా హాస్టల్ రూమ్‌లో. గాల్లో కొలిస్తే మధ్య దూరం 1.2 కిలోమీటర్లు. ఇంకో సిమ్ కొని నెలనెలా రీచార్జ్ చేయించే స్తోమత ఇద్దరికీ లేదు. రివ్యూ చూస్తే నెత్తి మీదకొచ్చింది. అందుకే డబ్బా యాంటెన్నా.

ముందు లెక్క చూద్దాం. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అంత దూరం వెళ్లేసరికి దాదాపు 102 డీబీ తగ్గిపోతుంది. రౌటర్ పంపేది 17 డీబీఎం అనుకోండి. రెండు వైపులా మామూలు యాంటెన్నాలు చెరో 2 డీబీ ఇస్తే అవతల అందేది -81. ఏ క్షణాన తెగుతుందో తెలీదన్నమాట. రెండు వైపులా 7 డీబీ డబ్బాలు పెడితే -71. పది డీబీ అంటే పది రెట్లు!

డబ్బా ఇక్కడ వేవ్‌గైడ్. అసలు కథంతా దాని వ్యాసంలోనే ఉంది. 7.3 సెం.మీ. కంటే సన్నగా ఉంటే మన తరంగం లోపల నడవనే నడవదు. 9.2 దాటితే పిలవని పేరంటంలా రెండో మోడ్ కూడా వచ్చి కూర్చుంటుంది. నాకు దొరికింది 9 సెం.మీ. డబ్బా. గాల్లో 12.3 సెం.మీ. ఉన్న తరంగదైర్ఘ్యం ఈ డబ్బాలో 20.6కి సాగుతుంది. అందులో నాలుగో వంతు, అంటే మూసిన అడుగు నుంచి 5.2 సెం.మీ. దగ్గర రంధ్రం పెట్టాలి. అప్పుడే అడుగుకి తగిలి తిరిగొచ్చే అల నేరుగా వెళ్లే అలతో కలిసి బలపడుతుంది. డబ్బా పొడవు 15.5 సెం.మీ.కి తగ్గకూడదు. రంధ్రంలో ఎన్-కనెక్టర్ (కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది), దానికి 3.1 సెం.మీ. రాగి తీగ సోల్డర్. అంతే.

కేబుల్ మాత్రం పొడుగ్గా లాగకండి. సన్నటి కోయాక్స్ మీటరుకి సుమారు ఒక డీబీ తినేస్తుంది. పది మీటర్లు లాగితే కష్టపడి సంపాదించిందంతా గోవిందా. రౌటర్‌నే మేడ మీదకి ఎక్కించాం. రెండు డబ్బాల్లోనూ తీగ నిలువుగానే ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే సిగ్నల్ దాదాపు మాయం.

నా దృష్టిలో అమీర్‌పేటలో డబ్బా చేసే అసలు మేలు దాని చెవుడు! ప్రతి హాస్టల్లో అంతస్తుకో రౌటర్, అన్నీ 1, 6, 11 ఛానెళ్లలోనే అరుస్తుంటాయి. డబ్బా పక్కవాళ్ల గోలని చాలావరకు పట్టించుకోదు, ఎదురుగా ఉన్నదాన్నే వింటుంది.

అవతలి మేడ కంటికి కనిపిస్తే చాలదు. దారి మధ్యలో గీతకి చుట్టూ 6 మీటర్ల ఫ్రెనెల్ జోన్ ఉంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే 3.6 మీటర్లు ఖాళీ కావాలి. మెట్రో పిల్లర్ల కంటే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది మధ్యలో ఒక వాటర్ ట్యాంకు. యాంటెన్నాని పైపు మీద 2 మీటర్లు లేపాక లింక్ నిలబడింది.

లైసెన్సా? 2005 నుంచి మన దేశంలో ఈ బ్యాండ్‌కి అక్కర్లేదు. ట్రాన్స్‌మిటర్ 1 వాట్, యాంటెన్నా లాభంతో కలిపి 4 వాట్లు, ఎత్తు మేడ పైన 5 మీటర్లు దాటకూడదు. మాది పావు వాట్ దగ్గరే ఉంది. మూతిమీద ప్లాస్టిక్ మూత, కనెక్టర్ చుట్టూ ఎం-సీల్ పెట్టాం, వానాకాలం కదా.