ఇంటిలోపలి తోట

చెన్నైలోని కోడంబాక్కం సినిమా స్టూడియోలకు పేరు పొందిన ప్రాంతం. నేడు అక్కడ అంతస్తుల ఇళ్లే ఎక్కువ. పెరడు లేనివారు కిటికీ దగ్గర మొక్కలు పెంచుకోవచ్చు. మొదటిసారి పెంచేవారికి మనీప్లాంటు, కలబంద అనువైనవి. మనీప్లాంటుకు ఎదురెండ అక్కరలేదు. కలబందకు మంచి వెలుతురు కావాలి. తొట్టి అడుగున రంధ్రం ఉండాలి.

ఇంటిలోని మొక్కకు అదేపనిగా నీరు పోయరాదు. వేళ్లకు కూడా గాలి కావాలి. మట్టి సందులలో నీరు నిండితే గాలి అందక వేళ్లు కుళ్లిపోతాయి. అందుచేత ముందుగా మట్టిలో వేలు గుచ్చి చూడాలి. తడి తగిలితే ఆనాడు నీరు పోయనక్కరలేదు.

తొట్టి క్రింది పళ్లెంలో నిలిచిన నీటిలో డెంగీ దోమలు పెరుగుతాయి. వారానికొకసారైనా ఆ నీటిని పారబోసి, పళ్లెం తోమి ఆరబెట్టాలి. నీరు మితంగా వాడితే మొక్కకూ, ఇంటివారికీ క్షేమం.