గుక్కెడు నీళ్లు చాలవు

నానీ,

అమ్మకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. కానీ ఉత్తరం చివర ఇరికించిన ఆ ఛాతీనొప్పి సంగతే నన్ను పట్టుకుంది. మొటిమలకు డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ క్యాప్సూలు పడుకోబోతూ గుక్కెడు నీళ్లతో వేసుకుంటున్నావు. రెండురోజులుగా రొమ్ము ఎముక వెనక మంట, మెతుకు మింగినా గుచ్చుకుంటోంది. దానికి నువ్వు రెండే కారణాలు రాశావు: గుండెజబ్బు, కాదంటే మెస్సు సాంబారు. మూడోది నాకు తోస్తోంది, నువ్వు మందు మింగే తీరు. గొంతు దిగితే కడుపులో పడ్డట్టే అనుకుంటాం. కానీ మధ్యలో ఉన్న అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవు. నడుమ బృహద్ధమని ఆనే చోట కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. క్యాప్సూలును తడివేళ్ల మధ్య కాసేపు పట్టుకుని చూడు, బంకలా అంటుకుంటుంది. లోపలా అంతే. పడుకుంటే అది జారదు, నిద్రలో లాలాజలం తగ్గుతుంది, గుటకలూ తగ్గుతాయి. అక్కడే కరిగిందంటే, ఈ మందుకు ఆమ్లగుణం ఉంది కనుక, ఆ మెత్తటి పొర పుండుపడుతుంది.

నీ రూమ్మేటు నీళ్లే లేకుండా మింగుతాడన్నావు. అతనికి ఇన్నాళ్లూ జారింది, అంతే. మీ అమ్మమ్మ వారానికోసారి వేసుకునే ఎముకల మాత్ర, అలెండ్రోనేట్, సంగతే చూడు. అది అమెరికాలో 1995లో వచ్చింది. మరుసటేడే అన్నవాహిక పుండ్లుపడిన కేసులను డాక్టర్లు ప్రచురించారు. వాళ్లలో చాలామంది చాలినన్ని నీళ్లు తాగనివాళ్లో, వేసుకోగానే నడుం వాల్చినవాళ్లో. అందుకే నిండుగ్లాసు నీళ్లు, అరగంట పడుకోకూడదు అని అంత గట్టిగా చెబుతారు. ఆవిడ గోడగడియారం చూస్తూ కూర్చుంటే నువ్వు నవ్వేవాడివి! నీ మందుకూ అదే నియమం నాయనా. నిండుగ్లాసంటే 200 మిల్లీలీటర్ల పైమాటే, సీసా మూతెడు కాదు.

తెలిసిపోయిందిగా, ఇక డాక్టరెందుకంటావేమో. గుండె, అన్నవాహిక పక్కపక్కనే ఉంటాయి. ఏది నొచ్చినా నొప్పి ఒకచోటే తెలుస్తుంది. ఈ వయసులో గుండెపోటు అరుదు నిజమే, కానీ నీకది కాదన్నది ఊహే, ఈసీజీ అయితే పరీక్ష. అదీ కాక మొటిమల మందని సిగ్గుపడి పేరు చెప్పకపోతే ఆ డాక్టరైనా ఏం పోల్చుకుంటాడు? స్ట్రిప్పు జేబులో పెట్టుకుని రేపే వెళ్లు. ఈలోగా క్యాప్సూలు వేసుకోకు, రాసిన డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడు. ఆపితే సాధారణంగా వారం పదిరోజుల్లో మానుతుంది. చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా, రక్తం వాంతయినా ఈ ఉత్తరం పక్కనపెట్టి 108కి ఫోన్ చెయ్యి.

అన్నం మెత్తగా కలుపుకుని చల్లారాక తిను, కారం మానెయ్. అమ్మకు నువ్వే చెప్పు. నా దగ్గరైతే ఆదివారం దాకే దాగుతుంది.

మీ పెద్దమ్మ